గుర్తింపు చిహ్నం: మోకాళ్ళ దాకా జడ

నా జడ ప్రభుత్వ రికార్డుగా మారింది ఒక మంగళవారం పొద్దున, పదకొండు గంటల టీ ఇంకా రాకముందు. అప్పటికి నాకు పెళ్ళయి ఇరవై మూడు రోజులు. ఆ రోజుల్లో నన్ను ఎవరేం అడిగినా నవ్వుతూ జవాబు చెప్పేదాన్ని. జరిగినదానికంతా ఆ నవ్వే మూలమని విచారణ నివేదిక రెండో పేజీలో రాశారు.

బొబ్బిలిలో రాష్ట్ర గోనెసంచుల నాణ్యతా మండలి జిల్లా కార్యాలయంలో నేను జూనియర్ అసిస్టెంటుని. ఏ సంచి ఎంత బరువు మోయాలి, అంగుళానికి ఎన్ని పోగులుండాలి, ఎక్కడ చిరిగితే ఎవరికి రాయాలి, ఇవన్నీ మా మండలి చూసుకుంటుంది. మా ఆయన భార్గవ్ తెనాలి జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతారు. తెనాలిలో మా మండలికి ఒక ఆఫీసుంది. భార్యాభర్తలు ఒకే ఊళ్ళో ఉండేలా బదిలీ అడుక్కోవచ్చని మా నిబంధనల్లో ఉంది. అయితే అది జూన్ ముప్పైలోపు జరిగిపోవాలి. ఆ తేదీ దాటితే మళ్ళీ రెండేళ్ళ దాకా బదిలీల మాటే ఉండదు. రెండేళ్ళంటే నూట నాలుగు ఆదివారాలు.

పెళ్ళిలో మేం ఇద్దరం తాగే టీకి సరిపడే బుల్లి కెటిల్ ఒకటి కానుకగా వచ్చింది. ఎవరిచ్చారో తెలీదు. దాన్ని పెట్టె కూడా విప్పకుండా బొబ్బిలి గదిలో అటక మీద పెట్టాను. తెనాలిలో విప్పాలని.

ముందు జడ సంగతి చెప్పాలి. నా సొంత జుట్టు భుజాలు దాటి ఒక జానెడు. పూలజడ వెయ్యాలంటే చాలదని అమ్మ బెంగపెట్టుకుంది. మా అమ్మమ్మ కాలంలో అయితే సవరం కట్టుకునేవారు, సాయంత్రానికి విప్పి గోడకి తగిలించేవారు. ఇప్పుడలా కాదంది మా బ్యూటీషియన్. నా జుట్టునే సన్నసన్న పాయలుగా తలకి అంటించినట్టు బిగించి అల్లి, ఆ అల్లికల మీద సూదీ దారంతో కొత్త జుట్టు కుట్టేసింది. లేచి నిలబడితే మోకాళ్ళ దాకా వచ్చింది. అద్దంలో వెనక్కి తిరిగి చూసుకుని నాకు నేనే కొత్తగా పరిచయమైనట్టు సిగ్గుపడ్డాను. ఆరు వారాల్లో తీయించేసుకోమని ఆవిడ చెప్పింది. అది మాత్రం నాకు వినపడలేదు.

ఇక ఆ మంగళవారం. పెళ్ళయిన ఉద్యోగినుల వివరాలు కొత్తగా నమోదు చెయ్యాలి. మా సూపరింటెండెంటు పైడిరాజు గారు సర్వీసు రిజిస్టరు తెరిచారు. మిగతావారికి తప్పు చేస్తే భయం, పైడిరాజు గారికి ఒక గడి ఖాళీగా ఉంటే భయం. గుర్తింపు చిహ్నాల దగ్గర ఆయన పెన్ను ఆగింది. పదో తరగతి సర్టిఫికెట్ నాటి నుంచి నా పుట్టుమచ్చలు రెండు: ఒకటి మెడ వెనక, ఒకటి కుడి మోకాలి పైన. కానీ మహిళా ఉద్యోగుల గౌరవాన్ని కాపాడేందుకు ఆ మధ్యే ఒక సర్క్యులర్ వచ్చింది. దాని ప్రకారం జుట్టునీ దుస్తుల్నీ కదపకుండా, ఆరు అడుగుల దూరం నుంచి చూసి పోల్చుకోగలిగినవే గుర్తింపు చిహ్నాలు. నా మచ్చలు రెండూ చెల్లకుండా పోయాయి.

ఆయన రెండు గడులకేసి దిగులుగా చూసి, ఆరు అడుగుల నుంచి మీలో ఏం కనిపిస్తుందమ్మా అని అడిగారు. అప్పుడే మా ఆయన దగ్గర్నుంచి ఫోనుకి ఏదో వచ్చింది. అది చదివి నవ్వుకుంటూ, "జడే కనిపిస్తుందండీ. ఆరేమిటి, అరవై అడుగుల నుంచైనా కనిపిస్తుంది" అన్నాను.

ఆయన రాసుకున్నారు. ఒకటి: మోకాళ్ళ దాకా జడ. తలెత్తి నా ముఖం చూసి రెండో గడి కూడా నింపారు. రెండు: నవ్వు ముఖం. కింద నా చేత సంతకం పెట్టించారు. టీ వచ్చింది.

ఆ తర్వాత విందులు, పేరంటాలు, మా అత్తగారి వైపు పిలుపులు. వెళ్ళిన ప్రతి ఇంట్లో ఎవరో ఒక పిన్నిగారు జడ చేతిలోకి తీసుకుని బరువు చూసేవారు. విప్పేస్తే వాళ్ళ మనసు కష్టపడుతుందనుకున్నాను. నిజానికి కష్టపడేది నా మనసే. అలా ఆరు వారాలు కాస్తా మూడు నెలలైంది. మే నెలలో ఒక రోజు నుదుటి దగ్గర చర్మం లాగేసినట్టు ఒకటే సలుపు. వెళ్ళి కుట్లు విప్పించుకున్నాను. జడతో పాటు నా జుట్టు కూడా దువ్వెనలోకి వచ్చేసింది. కొన్ని కుదుళ్ళతో ఊడాయి, కొన్ని సగంలో తెగాయి. పాపిడి వెడల్పయింది. కణతల దగ్గర దీపం పెడితే అవతలికి వెలుగు వచ్చేట్టుంది.

విజయనగరంలో డాక్టరు గారు కోప్పడలేదు. తల మీద అంత బరువు మూడు నెలలు వేలాడితే కుదుళ్ళు ఏం చేస్తాయమ్మా అన్నారు. తెగిన చివర్లన్నీ పోయేలా మెడ దాకా కత్తిరించెయ్యమన్నారు. బిగించి అల్లకూడదు, వేడి తగలనివ్వకూడదు, ఆకుకూరలూ గుడ్లూ తినాలి, ఓపిక పట్టాలి.

కత్తిరించుకున్నాక మొదటి ఆదివారం మా ఆయన వచ్చారు. తలుపు తీసి, జడ అబద్ధమని ఏడుస్తూ చెప్పేశాను. ఆయనకి పెళ్ళిలోనే తెలుసట. తాళి కట్టేటప్పుడు మా ఆడపడుచు జడ పైకెత్తి పట్టుకుంటే కుట్లు కనిపించాయట, వాటి పక్కన మెడ మీద పుట్టుమచ్చ కూడా. నువ్వే చెబుతావని ఊరుకున్నానన్నారు. తర్వాత నన్ను కిటికీ దగ్గర ఎండలో కూర్చోబెట్టి నుదుటి అంచున కొత్తగా వస్తున్న వెంట్రుకలు లెక్కపెట్టారు. పదకొండు. నేను బోటనీ చదివాను కాబట్టి వాటిని మొలకలన్నాను. ప్రతి ఆదివారం మొలకలు లెక్కపెట్టడం మాకు పండగైపోయింది.

జూన్ మొదటివారంలో బదిలీకి భౌతిక ధ్రువీకరణ పెట్టారు. ప్రాంతీయ అధికారి త్రివిక్రమరావు గారు స్వయంగా వచ్చారు. నేల మీద సుద్దతో గీత గీసి, ఆరు అడుగులు కొలిచి, నన్ను ఆ గీత మీద నిలబెట్టారు. పైడిరాజు గారు రిజిస్టరు చూసి గట్టిగా చదివారు. అధికారి గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. నన్ను వెనక్కి తిరగమన్నారు. మళ్ళీ ముందుకి తిరగమన్నారు.

"మొదటి చిహ్నం లభ్యం కాలేదు" అన్నారు.

ఆ మాటకి నా ముఖంలో నవ్వు పోయింది. రెండో చిహ్నం కూడా లభ్యం కాలేదని రాసుకున్నారు.

నేను నేనేనని చెప్పుకోబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపి, ఎంతో దయగా అన్నారు: "అమ్మా, వ్యక్తిగతంగా మీరు మీరేనని నాకు తెలుసు. మీ పెళ్ళి భోజనం చేశాను, గుత్తొంకాయ ఇంకా గుర్తుంది. కానీ అధికారికంగా, రికార్డులో ఉన్న ఉద్యోగిని ఈ రోజు ధ్రువీకరణకు హాజరు కాలేదు."

మెడ వెనక మచ్చ ఇప్పుడు కనిపిస్తోంది కదా అన్నాను. జుట్టు పొట్టిది కాబట్టి దేన్నీ కదపక్కర్లేదు. ఆయన ఆరు అడుగుల దూరం నుంచే వంగి చూశారు. ఉన్నమాట నిజమే అన్నారు. అయితే ఇంతకాలం కనిపించని మచ్చ సరిగ్గా బదిలీల సీజనులో కనిపించడం అనుమానాస్పదమన్నారు. ఆ మచ్చ ముందునుంచీ ఉందని చెప్పగల సాక్షి ఎవరైనా ఉన్నారా అని అడిగారు. తాళి కట్టేటప్పుడు మా ఆయన చూశారని చెప్పాను.

"ఆయన లబ్ధిదారుడు" అన్నారు. ఆ దారి మూసుకుపోయింది.

రెండో రోజుకల్లా మెమో వచ్చింది. ప్రభుత్వ రికార్డులో నమోదైన చిహ్నమును ముందస్తు అనుమతి లేకుండా సుమారు మూడున్నర అడుగుల మేర తగ్గించినందులకు తమపై చర్య ఎందుకు తీసుకొనరాదో తెలుపవలెనని. జుట్టు దానంతటదే తెగిపోయిందని, డాక్టరు చీటీ జతపరుస్తున్నానని జవాబు రాశాను. డాక్టరు చీటీ మనిషికి చెల్లుతుంది గానీ రికార్డుకి చెల్లదన్నారు. తెగిపోయిందో, తెంపుకున్నారో తేల్చడానికి ముగ్గురితో కమిటీ వేశారు.

కమిటీలో వాళ్ళెవరికీ జుట్టు గురించి తెలీదు. ఒకరికైతే జుట్టే లేదు. కానీ తెగే వాటి గురించి మా మండలికి తెలియనిదంటూ లేదు. కింద గదిలో గోనెపోగుని రెండు కొసలా పట్టుకుని తెగేదాకా లాగే యంత్రం ఒకటుంది. నా దువ్వెనలో నుంచి ఒక వెంట్రుక తీసుకుని, కవరులో పెట్టి, సీలు వేసి, రసీదు ఇచ్చి, ఆ యంత్రానికి బిగించారు. ముల్లు కదిలేలోపే వెంట్రుక తెగింది. నివేదిక నాలుగు రోజుల్లో వచ్చింది. నమూనా: ఉద్యోగిని శిరోజము, ఒకటి. రకం: జనపనార కాదు. బలం: మూడో తరగతి కన్నా తక్కువ. సిఫారసు: ఈ పోగుతో నేసిన సంచుల్లో ధాన్యం నింపరాదు.

పైడిరాజు గారు ఆ కాగితం నా బల్ల దగ్గరికి తెచ్చి శుభవార్త అన్నారు. పోగే బలహీనమని తేలింది కాబట్టి నా అపరాధం లేదట. బదిలీ సంగతి అడిగాను. దానికి అపరాధం లేకపోతే చాలదు, జడ ఉండాలి అన్నారు.

జూన్ పదిహేడు. ఆ ఆదివారం మొలకలు ఇరవై తొమ్మిది. అయినా లెక్కపెట్టడంలో సరదా లేదు. సాయంత్రం రైలెక్కేముందు మా ఆయన నా తల ఒకసారి నిమిరి వెళ్ళారు.

మర్నాడు రికార్డు గదిలోకి వెళ్ళి ఫైళ్ళ వెనక కూర్చుని ఏడుస్తుంటే అప్పలనరసమ్మ గారు చూశారు. ఆవిడ రికార్డు అసిస్టెంటు. ముప్పై నాలుగేళ్ళుగా ఆ గదిలోనే ఉన్నారు. ఏ కాగితం ఎక్కడుందో ఆవిడకి తప్ప ఎవరికీ తెలీదు, ఆ విషయం ఆవిడ ఎవరికీ తెలియనివ్వరు. నా కథంతా విని, నా పొట్టి జుట్టు వేళ్ళతో సర్ది, తీరిగ్గా అన్నారు:

"ఓలమ్మా, జుత్తు పోతే మొలుస్తాది. కాయితం మీద రాసినాది పోద్దేటే? ఆ కుట్టించుకున్న జడ పారేసినావేటి?"

లేదు, అట్టపెట్టెలో ఉందని చెప్పాను.

"అయితే అదట్టుకొచ్చి సూపించీ. ఆలకి కావలసింది జడ. నువ్వు కాదు."

తెచ్చాను. త్రివిక్రమరావు గారు దాన్ని సుద్ద గీత దగ్గర తాడు కట్టి వేలాడదీయించారు. పొడవు సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే మోకాళ్ళు కావాలి గనక నన్ను పక్కన నిలబెట్టారు. జడ కొస నా మోకాళ్ళకి సరిపోయింది. రిజిస్టరులో జడ అని ఉంది గానీ ఎవరి తల మీద ఉండాలో లేదని కమిటీ ఏకగ్రీవంగా గమనించింది. మొదటి చిహ్నం లభ్యం అని ఆకుపచ్చ సిరాతో రాశారు. నాకు నవ్వొచ్చింది. పైడిరాజు గారు చటుక్కున రెండో గడిలో కూడా టిక్కు పెట్టేశారు.

ఇరవై రెండో తేదీన బదిలీ ఉత్తర్వు వచ్చింది. నేను దాన్ని మూడుసార్లు చదివాను. మొదటిసారి ఆనందంతో, రెండోసారి అనుమానంతో, మూడోసారి కుర్చీలో కూర్చుని.

మొదటి చిహ్నం ప్రకారం ధ్రువీకరింపబడిన ఉద్యోగినిని తెనాలికి బదిలీ చేయడమైనది. అలా ధ్రువీకరింపబడని, పొట్టి జుట్టు గల ఉద్యోగిని విచారణ పూర్తయ్యే వరకు బొబ్బిలి విడిచి వెళ్ళరాదు.

అర్థం అడిగితే పైడిరాజు గారు చాలా ఓర్పుగా విప్పి చెప్పారు. ధ్రువీకరణకి వచ్చి నెగ్గింది జడ. అందుకని బదిలీ జడకి.

ఆ రోజు ఫోనులో మా ఆయనకి ఉత్తర్వు మొత్తం చదివి వినిపించాను. ఆయన, "అయితే దాన్ని దింపుకోడానికి స్టేషనుకి రమ్మంటావా?" అన్నారు. ఏడుస్తూనే నవ్వాను.

జడకి వీడ్కోలు సభ జరిగింది. మా ఆఫీసులో ఎవరు బదిలీ అయినా సభ, శాలువా, కాజాలు తప్పవు. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, జడని పెట్టి, శాలువా కప్పారు. పైడిరాజు గారు మాట్లాడుతూ, ఈ కార్యాలయంలో పనిచేసిన కొద్దికాలంలో ఒక్కనాడూ ఆలస్యంగా రాలేదని, పై అధికారికి ఎదురు చెప్పలేదని, ఎవరి మీదా ఫిర్యాదు పెట్టలేదని చెప్పి, శాలువా మడత సర్దారు. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. ఎంతో దగ్గరగా ఉండేవాళ్ళమని చెప్పాను. అది అబద్ధం కాదు. గ్రూపు ఫోటోలో జడ మధ్య కుర్చీలో ఉంది. నేను వెనక వరసలో, కుడి నుంచి మూడోదాన్ని.

సభ అయ్యాక అసలు చిక్కొచ్చింది: జడని పంపడం ఎలా? పోస్టులో పంపుదామన్నారు. అప్పుడు అప్పలనరసమ్మ గారు రికార్డు గదిలోంచి మెల్లగా నడిచొచ్చి, అట్ట ఊడిన మాన్యువల్ ఒకటి అధికారి గారి ముందు పెట్టి, వేలితో ఒక పేరా చూపించి, తన స్టూలు మీదకి వెళ్ళి కూర్చున్నారు. శాశ్వత రికార్డు ఏదైనా ఒక కార్యాలయం నుంచి మరొకదానికి పోవునప్పుడు ఒక ఉద్యోగి వెంట వెళ్ళవలెను. సదరు రికార్డును సొంతదారుకు అప్పగించు వరకు ఆ ఉద్యోగి అక్కడే ఉండి కాపాడవలెను.

సొంతదారు ఎవరని చర్చ మొదలైంది. మోకాళ్ళ దాకా జుట్టున్నప్పటి నేను సొంతదారునని, ఇప్పటి నేను కాదని త్రివిక్రమరావు గారు తేల్చారు. అంటే నా సొంత జుట్టు మోకాళ్ళకి వచ్చేదాకా అప్పగించడానికి మనిషి లేదు. ఎంతకాలం పడుతుందని బోటనీ చదివినదాన్ని కదా అని నన్నే అడిగారు. నెలకి అరంగుళం చొప్పున కాగితం మీద వేసి చెప్పాను. ఏడేళ్ళు.

ఏడేళ్ళు ఒక జడతో తెనాలిలో ఎవరుంటారు? ఒకాయనకి మోకాళ్ళ నొప్పులు, ఒకావిడకి పిల్లల చదువులు. పైడిరాజు గారు వచ్చే ఏడాది రిటైరవుతారు. అందరూ చూపులు దించుకున్నారు. అప్పలనరసమ్మ గారు మాత్రం కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుస్తూ నాకేసి చూశారు.

నేను లోపలి బుగ్గని పళ్ళతో పట్టుకుని నవ్వు ఆపుకున్నాను. "చాలా ఇబ్బందేనండీ. అయినా ఆఫీసు కోసం నేను వెళ్తాను" అన్నాను.

త్రివిక్రమరావు గారి కళ్ళు చెమర్చాయి. నేను బొబ్బిలి విడిచి వెళ్ళరాదన్న షరతు పైడిరాజు గారికి గుర్తొచ్చింది. డ్యూటీ మీద వెళ్ళడం విడిచి వెళ్ళడం కిందికి రాదని అధికారి గారు కొట్టిపారేశారు. నా త్యాగాన్ని సర్వీసు రిజిస్టరులో ఎక్కించమన్నారు. ఇరవై తొమ్మిదో తేదీ సాయంత్రం సంరక్షకురాలిగా నా ఉత్తర్వు చేతికొచ్చింది. చివర ఒక షరతు: పొట్టి జుట్టు గల ఉద్యోగిని జుట్టు భుజాలు దాటిన వెంటనే బొబ్బిలికి వచ్చి, పురోగతి ధ్రువీకరణకు హాజరై, తుది నిర్ణయం వరకు అక్కడే ఉండవలెను.

తెనాలి స్టేషనులో మా ఆయన రెండు మల్లెమూరలు తెచ్చారు. ఒకటి నాకు, ఒకటి అట్టపెట్టెకి. నా మూర పెట్టుకోడానికి జుట్టు చాలక చేతికి చుట్టుకున్నాను.

జడ ఇప్పుడు తెనాలి ఆఫీసులో నాలుగో నంబరు బీరువాలో, కలరా ఉండల మధ్య ఉంది. రోజూ పదిన్నరకి బీరువా తెరిచి ఉందని చూసి సంతకం పెడతాను. నా మిగతా పని ఎప్పటిలా గోనెసంచులే. బుల్లి కెటిల్ పెట్టె విప్పాం. సరిగ్గా రెండు కప్పులే వస్తాయి, ఒక గుక్క కూడా ఎక్కువ రాదు.

ఆర్నెల్లకి కణతలు నిండాయి. పాపిడి సన్నబడింది. మొలకలు లెక్కకి అందడం మానేశాయి. విజయనగరం డాక్టరు గారు వీడియోలో చూసి, ఇంకేం భయం లేదు, ఇష్టమొచ్చినంత పెంచుకోమన్నారు. ఆ రోజు అద్దం ముందు నిలబడి చూసుకుంటే కొసలు భుజాలని తాకుతున్నాయి. నేను గట్టిగా ఊపిరి పీల్చుకుని మా ఆయన్ని పిలిచాను. ఆయన వరండాలో పాత పేపరు పరిచి, కుర్చీ వేసి, కత్తెర తెచ్చారు.

అప్పట్నుంచి మూడు నెలలకి ఒక ఆదివారం మాకు కత్తిరింపు పండగ. సోమవారం బొబ్బిలికి నివేదిక పంపుతాను: చిహ్నం భద్రంగా ఉన్నది. ఉద్యోగిని జుట్టు ఆరోగ్యంగా ఉన్నది. పెరుగుదల మందకొడిగా ఉన్నది. పైడిరాజు గారు స్వహస్తాలతో జవాబు రాస్తారు, ధైర్యం కోల్పోవద్దని.

నిన్నటి ఆదివారం కత్తిరించడమయ్యాక, మెడ మీద వెంట్రుకలు దులుపుతుంటే, మచ్చ కనిపిస్తోందా అని అడిగాను. మా ఆయన కత్తెర పక్కన పెట్టి, ఆరు అడుగుల దూరం వెళ్ళి నిలబడ్డారు.

"ఇక్కణ్ణుంచి సరిగ్గా తెలీడం లేదు" అన్నారు. "దగ్గరికొచ్చి ధ్రువీకరించాలి."